అర గ్రాము బంగారం, ఆరు ప్రశ్నలు

ఒట్టోమన్ సుల్తాన్ రెండో మహమూద్ 1808 నుంచి 1839 దాకా ఏలాడు. ఆ ముప్పై ఒక్క ఏళ్లలో ఇస్తాంబుల్ టంకశాల నుంచి వచ్చిన బంగారు నాణేల్లో పేర్లు మారాయి, బరువులు మారాయి, అంచుల్లోని పూలూ తీగలూ మారాయి. మారనిది వాటి మీది సంవత్సరం ఒక్కటే. అన్నిటి మీదా హిజ్రీ 1223 అనే ఉంటుంది. అది సుల్తాను గద్దెనెక్కిన ఏడు. నాణెం ఎప్పుడు తయారైందో దాన్నిబట్టి తెలియదు.

వీటిలో మరీ చిన్నవి అర గ్రాము కూడా తూగవు. చిటికెన వేలి గోరంత ఉంటాయి. అలాంటివి ఒక ఇరవై ఒకే పళ్లెంలో కలిసిపోయి ఉంటే ఏది ఏదో ఎలా తేల్చాలి? అరబ్బీ లిపి చదవడం వస్తే చాలుననిపిస్తుంది. చాలదు. రాత ఒక్కటే నమ్మితే ముప్పై ఏళ్ల తేడా వస్తుంది, తూకం ఒక్కటే నమ్మితే నూట యాభై ఏళ్ల తేడా వస్తుంది. ఒక సాక్ష్యం మీద ఇంకోటి ఆధారపడని ప్రశ్నలు వరసగా వేసి, ఒక్కో జవాబుతో కొన్ని అవకాశాలను కొట్టేస్తూ పోవాలి. చివరికి కొట్టేయలేనిదేదో అదే ఆ నాణెం రకం. ఆ ప్రశ్నలు ఆరు.

మొదటి ప్రశ్న: ఎంత తూగుతుంది?

ఒట్టోమన్లు చాలాకాలం సొంత బంగారు నాణెం లేకుండానే నడిపారు. వాళ్ల వెండి నాణెం అక్చె. పెద్ద లావాదేవీలకు వెనిస్ నగరం డుకాట్లు చేతులు మారేవి. కాన్‌స్టాంటినోపుల్‌ను గెలిచిన రెండో మెహ్మెద్ 1477–78లో మొదటి ఒట్టోమన్ బంగారు నాణేన్ని వేయించాడు. పేరు సుల్తానీ. దాని బరువు డుకాట్ బరువే, సుమారు మూడున్నర గ్రాములు. బంగారం దాదాపు మేలిమి. కొత్త నాణేన్ని సంతలో జనం నమ్మాలంటే, వాళ్లు అప్పటికే నమ్ముతున్న నాణెంతో సమానంగా తూగాలి. 1517లో ఈజిప్టు ఒట్టోమన్ల చేతికొచ్చింది. అక్కడి మమ్లూక్ సుల్తానుల అష్రఫీ కూడా డుకాట్ కొలతదే కావడంతో ఈ ప్రమాణం కైరో నుంచి బాల్కన్ల దాకా పరుచుకుంది.

పద్దెనిమిదో శతాబ్దంలో మూడో అహ్మద్ కాలానికి రెండు బంగారు కుటుంబాలు పక్కపక్కనే నడిచాయి. ఫిందిక్ పాత బరువునే, అంటే మూడున్నర గ్రాములను నిలుపుకుంది. జెర్-ఇ మహబూబ్ దానికన్నా తేలిక, సుమారు 2.6 గ్రాములు. రెంటికీ అరలు, పావులు ఉండేవి. పావు ఫిందిక్ 0.87 గ్రాముల దగ్గర, పావు జెర్-ఇ మహబూబ్ 0.6 గ్రాముల దగ్గర తూగుతాయి.

1844లో సుల్తాన్ అబ్దుల్ మజీద్ ప్రభుత్వం ఈ గందరగోళానికి స్వస్తి చెప్పింది. నూరు కురుష్‌ల లిరా బరువు 7.216 గ్రాములని, 22 క్యారట్లని నిర్ణయించింది. యాభై కురుష్‌లది 3.608, పాతిక కురుష్‌లది 1.804. కొలత తేలిపోయింది కాబట్టి అక్కడి నుంచి పని సులువు కావాలి. కాలేదు. చెలామణీ నాణేలతో పాటు నగల్లో వాడుకోవడానికి ఇంకో వరస వేశారు. అవి వెడల్పు ఎక్కువ, మందం తక్కువ, బరువు కొంచెం తక్కువ. ఆ వరసలో పాతిక కురుష్‌లది 1.754 గ్రాములు, పన్నెండున్నర కురుష్‌లది 0.877 గ్రాములు. చెలామణీ పాతికకూ నగల పాతికకూ తేడా ఒక గ్రాములో ఇరవయ్యో వంతు. ఇక్కడ గ్రాములో నూరో వంతు చూపే త్రాసుతో పాటు వ్యాసం కొలిచే పరికరం కూడా చేతిలో ఉండాలి.

ఇప్పుడు తూకం పరిమితి ఎక్కడుందో చూడండి. పళ్లెంలో 0.86 గ్రాములు తూగే అరిగిన నాణెం ఒకటుంది. అది 1720ల నాటి పావు ఫిందిక్ కావచ్చు. 1890ల నాటి పన్నెండున్నర కురుష్ కావచ్చు. 0.85 గ్రాముల ఈజిప్టు పది కిర్ష్ కూడా కావచ్చు. తూకం చాలావాటిని కొట్టేసింది గానీ, మిగిలిన మూటి మధ్య దూరం ఒకటిన్నర శతాబ్దం, రెండు దేశాలు.

రెండో ప్రశ్న: ఎవరి పేరు?

పదిహేడో శతాబ్దం చివర్లో, రెండో ముస్తఫా కాలం నుంచి, సుల్తాను సంతకపు ముద్ర తుగ్రా బంగారు నాణేల మీదికి ఎక్కింది. దూరం నుంచి చూస్తే అన్ని తుగ్రాలూ ఒకేలా కనిపిస్తాయి. అడుగున అక్షరాలు అల్లుకున్న పీఠం, దాని మీంచి పైకి లేచే మూడు నిలువు గీతలు, ఎడమవైపు ఒకదానిలో ఒకటి ఇమిడిన రెండు కోలవలయాలు, కుడివైపు చాచిన చేతులు. ఈ ఆకారం ఎప్పుడూ ఉంటుంది కాబట్టి గుర్తించడానికి దానివల్ల ఉపయోగం లేదు. చూడాల్సింది పీఠంలో. సుల్తాను పేరు, తండ్రి పేరు, ‘సర్వదా విజేత’ అనే బిరుదు అక్కడ పేర్చి ఉంటాయి. రెండో మహమూద్ తుగ్రాలో ‘మహమూద్ ఖాన్ బిన్ అబ్దుల్ హమీద్’ అని చదవవచ్చు.

అరిగిన పావు నాణెం మీద పీఠం చదవడానికి రాకపోతే తుగ్రా కుడిపక్క ఖాళీని చూడాలి. మహమూద్ నాణేలు కొన్నిటి మీద అక్కడ ఆయన కలంపేరు ‘అద్లీ’ ఉంటుంది. రెండో అబ్దుల్ హమీద్ తొలి ఏళ్ల నాణేల మీద పువ్వు, ఏడో పాలనా సంవత్సరం నుంచి ‘అల్ గాజీ’ అనే బిరుదు. ఐదో మెహ్మెద్ నాణేల మీద మొదట ‘రషాద్’, చివరి ఏళ్లలో మళ్లీ ‘అల్ గాజీ’. నాణెంలో ఈ మూల ఒక్కటి బతికి ఉన్నా పాలకుడితో పాటు పాలనలో ఏ భాగమో కూడా తెలిసిపోతుంది. తుర్కియేలో పాత లిరాను ఇప్పటికీ ‘రషాద్ బంగారం’ అంటారు.

తుగ్రా అవసరం ఎంతటిదో 1876 చెబుతుంది. ఆ ఏడు మే 30న ఐదో మురాద్ గద్దెనెక్కాడు, ఆగస్టు 31న దిగిపోయాడు. వెంటనే తమ్ముడు రెండో అబ్దుల్ హమీద్ వచ్చి 1909 దాకా ఏలాడు. ఇద్దరిదీ హిజ్రీ 1293. మొదటి పాలనా సంవత్సరపు నాణెం అన్నదమ్ముల్లో ఎవరిదో తుగ్రాయే చెప్పాలి.

మూడో ప్రశ్న: ఏ ఏడు?

గద్దెనెక్కిన సంవత్సరం టంకశాల పేరు కింద ఉంటుంది. అసలు తయారైన ఏడు తెలియాలంటే ఇంకోచోట, చాలావరకు తుగ్రా కిందనో రాతల నడుమనో ఉండే చిన్న అంకెను పట్టుకోవాలి. అది పాలనలో ఎన్నో ఏడో చెబుతుంది. లెక్క తేలికే. 1223 అని, 15 అని ఉన్నాయనుకోండి. 1223కు 15 కలిపి ఒకటి తీసేస్తే హిజ్రీ 1237. చాంద్రమాన సంవత్సరం సౌరమానం కన్నా దాదాపు పదకొండు రోజులు చిన్నది కాబట్టి 1237ను 0.97తో గుణించి 622 కలపాలి. 1821.9 వస్తుంది. అంటే 1821–22, గ్రీకుల తిరుగుబాటు రగిలిన కాలం.

హైదరాబాద్ నాణేలు సేకరించే అలవాటున్నవారు ఇక్కడే తడబడతారు. ఆసఫ్‌జాహీ నాణేల మీదా హిజ్రీ ఏడు ఉంటుంది, గద్దెనెక్కాక ఎన్నో ఏడో చెప్పే జులూస్ అంకె కూడా ఉంటుంది. కానీ అక్కడి హిజ్రీ ఏడు నాణెం నిజంగా వేసిన ఏడు. అదే లిపి, అవే రెండు అంకెలు, లెక్క మాత్రం వేరు. ఒట్టోమన్ రాజ్యంలోనూ అందరూ ఒకే పద్ధతి పాటించలేదు. అల్జీర్స్, ట్యూనిస్ టంకశాలలు సుల్తాను పేరు వేస్తూనే తయారైన ఏడునే రాసేవి. ఇస్తాంబుల్‌లోనే మూడో ముస్తఫా చివరి ఏళ్ల నాణేల మీద పాలనా సంవత్సరానికి బదులు 82, 83 లాంటి అంకెలుంటాయి. అవి 1182, 1183కి కుదింపులు. లెక్కను గుడ్డిగా అన్వయిస్తే ఆ సుల్తాను ఎనభై ఏళ్లకు పైగా ఏలాడని తేలుతుంది.

అంకెల ఆకారం కూడా ముందే కంటికి అలవాటు కావాలి. అరబ్బీ సున్నా ఒక చుక్క. మనకు సున్నాలా కనిపించేది ఐదు. మనకు ఏడులా కనిపించేది ఆరు. రెండుకు ఒక పన్ను, మూడుకు రెండు పళ్లు. అరిగితే మూడు రెండైపోతుంది. ఏడు, ఎనిమిది ఒకదానికొకటి తలకిందులు కాబట్టి నాణేన్ని తిప్పి పట్టుకుంటే ఒకటి రెండోదైపోతుంది. పక్కనున్న రాత నిటారుగా ఉందో లేదో చూసుకోకుండా అంకె చదవకూడదు.

నాలుగో ప్రశ్న: ఎక్కడ?

పదహారో శతాబ్దంలో సులేమాన్ సుల్తానీలు హిజ్రీ 926తో ఎన్నో ఊళ్లలో పడ్డాయి. కైరో, అలెప్పో, డమాస్కస్, అల్జీర్స్‌తో పాటు బాల్కన్లలోని గని పట్టణాల్లోనూ బంగారం అచ్చయింది. పందొమ్మిదో శతాబ్దానికి వరస కుదించుకుపోయి, చిన్న బంగారంలో ఎక్కువగా ఎదురయ్యే పేర్లు రెండే మిగిలాయి. ఒకటి కొస్తాంతినియ్యె, రెండోది మిస్ర్. మొదటిది ఇస్తాంబుల్, రెండోది ఈజిప్టు. పద్దెనిమిదో శతాబ్దపు నాణేలు కొన్నిటి మీద ఇస్తాంబుల్ పేరు ఇస్లాంబూల్ అని కూడా కనిపిస్తుంది.

మిస్ర్ అని ఉంటే బరువుల పట్టికే మార్చుకోవాలి. అక్కడి పాలకుడు మహమ్మద్ అలీ 1830లలో చేసిన సంస్కరణ తర్వాత ఈజిప్టు పౌను 8.5 గ్రాములు, బంగారం వెయ్యికి 875 పాళ్లు. అందులో ఇరవయ్యో వంతు ఐదు కిర్ష్‌ల నాణెం, 0.43 గ్రాములు. తుగ్రా ఇస్తాంబుల్ సుల్తానుదే, పేరుకు సామ్రాజ్యం ఒకటే. కొలత మాత్రం కైరోది. రాజకీయంగా ఈజిప్టు ఎంత దూరం జరిగిందో ఒప్పందాల భాషలో వెతకనక్కర్లేదు, త్రాసులోనే ఉంది.

టంకశాల పేరు అప్పుడప్పుడు ఒక ప్రయాణాన్ని కూడా చెబుతుంది. ఐదో మెహ్మెద్ తన రాజ్యంలో పర్యటించినప్పుడు బుర్సా, ఎదిర్నె, సెలానిక్, మనాస్తిర్, కొసోవా పేర్లతో ప్రత్యేక నాణేలు వెలువడ్డాయి. 1911లో ఆయన చూసివచ్చిన సెలానిక్, మనాస్తిర్, కొసోవా ఏడాదిన్నర తిరక్కుండా బాల్కన్ యుద్ధంలో చేజారాయి.

ఐదో ప్రశ్న: ఏ లోహం?

ఇక్కడ భౌతికశాస్త్రం రావాలి, వస్తుంది కూడా. కానీ నాణెం చిన్నదైతే అది కూడా చేతులెత్తేస్తుంది.

స్వచ్ఛమైన బంగారం సాంద్రత ఘనసెంటీమీటరుకు 19.32 గ్రాములు. రాగి కలిసిన 22 క్యారట్లది సుమారు 17.6. ఈజిప్టు పాళ్లలో రాగి కలిస్తే సుమారు 16.9. నీటిలో ముంచి తూస్తే తగ్గే బరువును బట్టి సాంద్రత తెలుస్తుందని ఆర్కిమెడీస్ నుంచి తెలిసిందే. మన 0.86 గ్రాముల నాణేన్నే ముంచుదాం. మేలిమి అయితే 44.5 మిల్లీగ్రాములు తగ్గాలి, 22 క్యారట్లయితే 48.8, ఈజిప్టుదైతే 50.9. చివరి రెంటికీ తేడా రెండు మిల్లీగ్రాములు. పది మిల్లీగ్రాములు చూపే మామూలు నగల త్రాసు మూడింటికీ 40 అనో 50 అనో చెప్పి ఊరుకుంటుంది. అదే ఏడు గ్రాముల లిరా అయితే రెండు మిశ్రమాల మధ్య తేడా 18 మిల్లీగ్రాములు. అదే త్రాసు పట్టేస్తుంది.

మిల్లీగ్రాము చూపే త్రాసు కొంటే సరిపోతుందా? నాణేనికి అంటుకున్న ఒక మిల్లీమీటరు గాలిబుడగ అర మిల్లీగ్రాము ఎత్తిపడుతుంది. తుగ్రా గీతల మధ్య అలాంటివి నాలుగు చిక్కుకుంటే కొలవాల్సిన తేడా అంతా బుడగల్లోనే పోయింది. మరిగించి చల్లార్చిన నీళ్లు, ఒక చుక్క సబ్బు ద్రావణం, సన్నటి దారం కొంతవరకు ఆదుకుంటాయి. పది నాణేలు కలిపి ముంచితే పొరపాటు చిన్నదవుతుంది, నిజమే. కానీ పదీ ఒకే రకమని ముందే ఒప్పుకుంటే తప్ప ఆ కొలతకు అర్థం లేదు. తేల్చాల్సింది సరిగ్గా అదే.

ఎక్స్‌రే ఫ్లోరసెన్స్ యంత్రం నాణేన్ని గాయపరచకుండా లోహాల పాళ్లు చెబుతుంది. అయితే బంగారంలో అది చూడగలిగేది పైపొరలోని కొద్ది మైక్రాన్లే. కాలక్రమంలో పైపొరలోంచి రాగి కొంత వెళ్లిపోతుంది కాబట్టి పాత నాణెం ఉన్నదానికన్నా మేలిమిగా కనిపిస్తుంది. ఇక కంసాలి గీటురాయి నగకు సరే, అర గ్రాము నాణేనికి ప్రతి గీతా శాశ్వతమైన నష్టం. కాబట్టి ఈ పరిమాణంలో లోహపరీక్ష చేసేది ముతక పని: బంగారు పూత పూసిన ఇత్తడిని పట్టేస్తుంది. రకం తేల్చే పని మిగతా ప్రశ్నలదే.

ఆరో ప్రశ్న: టంకశాల దాటాక ఏమైంది?

చిన్న ఒట్టోమన్ బంగారంలో చిల్లు లేని నాణెం దొరకడం కష్టం. మన కాసుల పేరులాగే బాల్కన్లలో, పాలస్తీనాలో, అనటోలియాలో ఆడవాళ్ల తలపాగా అంచులకు, మెడలో దండలకు వీటిని కుట్టేవారు. ఒంటి మీది నగే ఇంటి నిల్వ. ఇప్పటికీ తుర్కియే పెళ్లిళ్లలో బంధువులు వధువుకు పావు బంగారం గుచ్చుతారు. ఆ పావు బరువు 1.75 గ్రాములు, సుల్తానుల నగల వరస నుంచి వచ్చిన కొలతే.

చిల్లు తూకాన్ని మారుస్తుంది. అయితే ఎంత మార్చిందో లెక్క కట్టవచ్చు. పన్నెండు మిల్లీమీటర్ల వ్యాసమున్న నాణేనికి 1.2 మిల్లీమీటర్ల చిల్లు పడితే పోయేది విస్తీర్ణంలో నూరో వంతు. 0.86 గ్రాముల్లో అది తొమ్మిది మిల్లీగ్రాములు కూడా కాదు. కొక్కెం అతికిస్తే దీనికి విరుద్ధం: టంకం బరువు పెంచుతుంది, సాంద్రతను దించుతుంది. అందుకే చీటీ మీద చిల్లు కొలత, అతుకు జాడ కూడా రాయాలి. సేకరణదారు చిల్లును లోపంగా చూసి ధర తగ్గిస్తాడు. చరిత్రకారుడికి మాత్రం ఆ నాణెం సంతలో కన్నా పెట్టెలో, మెడలో ఎక్కువ కాలం గడిపిందనడానికి అదే ఆధారం.

ఒక్క నాణెం చాలనప్పుడు

ఆరు ప్రశ్నలూ అడిగాక కూడా మహమూద్ నాణేలు కొన్ని లొంగవు. కారణం ఆయన ఖజానాలో ఉంది. యుద్ధాల ఖర్చులు మోయలేక ప్రభుత్వం నాణెంలో లోహాన్ని పదేపదే తగ్గించింది. 1808లో ఒక కురుష్‌లో 5.9 గ్రాముల వెండి ఉండేది. 1831 నాటికి అర గ్రాము మిగిలింది. బ్రిటిష్ పౌను ధర 19 కురుష్‌ల దగ్గర నుంచి ఆయన చనిపోయేనాటికి నూరు దాటింది. కురుష్ దిగిన ప్రతిసారీ కురుష్‌లలో బంగారం ధర ఎక్కుతుంది. పాత బరువైన నాణెం దాచుకోవడానికి వెళ్లిపోతుంది. ప్రభుత్వం తేలికైన కొత్త నాణేన్ని కొత్త పేరుతో వదులుతుంది. రూమీ, అద్లీ, హైరియ్యె, మహ్మూదియ్యె అనే పేర్లు ఈ ఒత్తిడిలోంచే వచ్చాయి.

పావు నాణేల స్థాయిలో రెండు వరస రకాల మధ్య బరువు తేడా గ్రాములో కొద్ది నూరో వంతులకు దిగిపోతుంది. వాడకంలో అరుగుదలా అంతే ఉంటుంది. ఒక నాణేన్ని తూచి రకం చెప్పడం అక్కడ కుదరదు. గుంపును తూచాలి. వందో రెండొందలో తూచి, ఏ బరువు దగ్గర ఎన్ని ఉన్నాయో గీస్తే గుట్టలు లేస్తాయి. రెండు గుట్టలుంటే రెండు ప్రమాణాలు ఉండేవని అనుమానించవచ్చు. ఆ గుట్టలు రెండు పక్కలా సమానంగా ఉండవు. అరుగుదల బరువును తగ్గిస్తుందే గాని పెంచదు కాబట్టి తేలిక వైపు తోక సాగుతుంది, బరువు వైపు నిట్టనిలువుగా తెగుతుంది. అందుకే టంకశాల పాటించిన కొలతను సగటులో వెతికితే తక్కువ వస్తుంది. బరువు వైపు అంచు దగ్గర వెతకాలి. స్టాన్లీ లేన్-పూల్ 1883లో బ్రిటిష్ మ్యూజియం ఒట్టోమన్ నాణేల జాబితా అచ్చువేసిన నాటి నుంచి, నూరీ పెరె 1968లో తెచ్చిన పుస్తకం దాకా, ప్రతి జాబితా నాణేల బరువులను ఓపిగ్గా పోగేసింది. ఇలాంటి పోలికలకు ఆ పోగులే ముడిసరుకు.

ఈ గుంపుల లెక్కకు పెద్ద శత్రువు ఆనవాళ్లు చెరిపేసే వ్యాపారం. నేలలో ఒకే కుండలో దొరికిన నాణేలు కలిసి ఉంటే ఏవి ఒకే కాలంలో చెలామణీ అయ్యాయో చెబుతాయి; విడదీసి అమ్మేస్తే ఆ సంగతి తిరిగి రాదు. భారత చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణెం పురావస్తువు, దేశం దాటించకూడదు. తుర్కియే చట్టం అబ్దుల్ మజీద్ నుంచి చివరి సుల్తాను దాకా ఆరుగురి నాణేల కొనుగోలు, అమ్మకాలను అనుమతిస్తుంది. అంతకు ముందువాటికి ఆ వెసులుబాటు లేదు. ఎక్కడ, ఎవరి దగ్గర, ఏ రసీదుతో కొన్నదీ చీటీ మీద తూకం పక్కనే ఉండాలి.

పట్టిక ‘కాదు’ అనగలగాలి

వర్గీకరణ పూర్తయితే చేతికొచ్చేది ఒక పట్టిక. సుల్తాను, టంకశాల, విలువ, పాలనా సంవత్సరం. దాని అసలు బలం నిండిన గళ్లలో కన్నా, ఎప్పటికీ నిండకూడని గళ్లలో ఉంది. అబ్దుల్ మజీద్ 1255లో గద్దెనెక్కి 1277లో చనిపోయాడు కాబట్టి 23కు మించిన పాలనా సంవత్సరం ఆయనకు ఉండదు. ఐదో మెహ్మెద్‌కు 1327 నుంచి 1336 దాకా పదే. 1327 పక్కన 12 కనిపిస్తే అది నకలు, లేదా మనం అంకె తప్పు చదివాం. మిస్ర్ అని రాసి 1.804 గ్రాములు తూగేది, రషాద్ అని రాసి 1293 ఉన్నది కూడా అంతే. నకలు చేసేవాడు ఒక్కో వివరాన్నీ అందంగా చెక్కగలడు. ఆ వివరాలన్నీ ఒకదానితో ఒకటి పొసగాలంటే మాత్రం పట్టిక మొత్తం తెలిసి ఉండాలి.

హైదరాబాద్‌తో ముడిపడిన ఒక గడి కూడా ఈ ఖాళీల్లో ఉంది. 1931లో నిజాం పెద్ద కొడుకు ఆజం జా పెళ్లాడిన దుర్రుషెహ్వార్ తండ్రి రెండో అబ్దుల్ మజీద్, చివరి ఒట్టోమన్ ఖలీఫా. 1922 నవంబరులో సుల్తాను పదవి రద్దయ్యాక ఆయన ఖలీఫా మాత్రమే అయ్యాడు, 1924 మార్చిలో ఆ పదవీ పోయింది. నాణెం వేయించే అధికారం సుల్తానుది. కాబట్టి ఆయన పేర ఒట్టోమన్ బంగారు నాణెం లేదు. ‘అబ్దుల్ మజీద్’ పేరున్న చిన్న బంగారు నాణేన్ని చూపించి హైదరాబాద్ వియ్యంకుడిదని ఎవరైనా అంటే తుగ్రా దాకా కూడా వెళ్లక్కర్లేదు. టంకశాల పేరు కింద 1255 ఉంటే అది ఆయన పెదనాన్నది. 1341 ఉంటే ఆ మాట చెప్పినవాడి దగ్గర ఇంకేమీ కొనకపోవడమే మంచిది.